నల్లబంక వార్త

1994 ఫిబ్రవరి 8, మంగళవారం

పంపిన వార్తలు మూడు. పేపర్లో వచ్చింది ఒకటి. ఏడు లైన్లు. ములకలపల్లి బోరింగు చెడిపోయిందన్న వార్త. ఆ బోరింగు బాగై పదిహేను రోజులైంది.

మా ఆవిడ సుగుణ నీళ్ల బిందె దించుతూ, "ఊళ్లె బోరింగులన్నీ రాస్తవు. మనింటి బావి ఎండింది రాయవేంది?"

ఫిబ్రవరి 11, శుక్రవారం

మొదటి బస్సు గంట ఆలస్యం. పేపర్ల కట్ట మీద ఎవరో కాళ్లు పెట్టుకుని కూర్చున్నట్టున్నారు, పైన పది కాపీలు నలిగాయి. నలిగినవాటిలో ఒకటి పోలీస్ స్టేషన్‌కి, ఒకటి అడవి బంక కొనే సర్కారు డిపోకి వేశాను. వాళ్లు అడగరు.

మొదటి పేజీ అంతా గాట్ ఒప్పందం. లోపల సంపాదకీయం గాట్. రెండుసార్లు చదివాను. చదువుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉంది. ఎవరైనా చెప్పమంటే చెప్పలేను... ప్రపంచంలో ఎక్కడివాళ్లయినా ఎక్కడైనా అమ్ముకోవచ్చు, అంతవరకు తెలిసింది.

ఏడో తరగతి తర్వాత నాకు చదువు చెప్పింది ఈ పేపరే. అందులో అర్థం కానిది ఉంటే తప్పు నాదే అనుకోవడం అలవాటు.

ఫిబ్రవరి 15, మంగళవారం

ఖమ్మం డెస్క్ నుంచి చీటీ, కట్టలో పెట్టి పంపారు. "గాట్ మీద రైతుల అభిప్రాయాలు ఐదు. ఒక్కొక్కటి నాలుగు లైన్లు. ఫొటోలు తప్పనిసరి. ఒక ఆడమనిషి ఉంటే మంచిది." కింద మూర్తి గారి పొట్టి సంతకం. జిల్లా పేజీలు ఆయన చేతిలోనే.

ఫిబ్రవరి 17, గురువారం

దమ్మపేట. అక్కడి విలేకరి మానేసిన దగ్గర్నుంచి అదీ నాకే అంటగట్టారు.

వెంకట్రావు గారి అరుగు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా మాట మారలేదు. "ఏవండీ విలేకరి గారూ, విత్తనాలు దాచుకోనివ్వరంటండీ! రైతు తన విత్తనం తాను దాచుకోకూడదంటే ఇంకేం మిగిలిందండీ?" అరుగు మీద పత్తి విత్తనాల ప్యాకెట్లు, కంపెనీవి. ఏటా కొత్తవి కొంటాడు. అది అడగలేదు. నాలుగు లైన్లలో పట్టదు.

బయలుదేరుతుంటే, "ఫొటో ఎడంపక్క నుంచి తీసింది వెయ్యమనండి. కుడిపక్క బుగ్గ లోపలికి ఉంటుంది."

ఆడమనిషి దొరకలేదు. ఆయన భార్య, "మా ఆయన చెప్పిందేనండీ నాదీ" అంది. అలాగే రాశాను.

ఫిబ్రవరి 20, ఆదివారం

అభిప్రాయాలు వచ్చాయి. ఐదుగురి మాటలూ ఒకే మాటలా ఉన్నాయి. డెస్క్‌లో అలా చేశారో, నేనే అలా రాశానో... కార్బన్ తీసి చూశాను. నేనే.

వెంకట్రావు గారు పది కాపీలు అదనంగా తెప్పించుకున్నారు.

మార్చి 14, సోమవారం

సంత. ఎర్రమ్మ డిపో ముందు గంప దించి నిలబడింది. వాగవతలి గూడెం, సోడె వాళ్ల ఇల్లు. ఎండలు ముదిరితే తపసి చెట్ల బంక తెచ్చి డిపోలో పోస్తుంది. అక్కడ ఎవరి చెట్లు వాళ్లవి. అమ్మమ్మ గాటు పెట్టిన చెట్టుకి మనవరాలే గాటు పెట్టాలి. ఇంకొకరు ఆకలితో చస్తున్నా చెయ్యి వెయ్యరు.

గంపలో సగం తెల్లది, సగం నల్లది. తెల్లది తీసుకుని నల్లది తోసేశాడు గుమాస్తా.

నన్ను చూసి వచ్చింది. "పేపరాయనా, నల్లబంక కొనడంట."

"ఎందుకంట?"

"మూడో రకం వద్దన్నరంట. యాడనో దొరలున్నరంట, వాళ్లు తెల్లదే తింటరంట. నువ్వు ఆ దొరలకు జెప్పు, చెట్టు ఎప్పటికీ తెల్లగనే ఏడ్వదని."

చెట్టు నీడన కూర్చుని రాశాను. మొదట కారేది తెల్లగా వస్తుంది, తర్వాత బెరడు కలిసి నల్లబడుతుంది. తెల్లదే కావాలంటే రోజూ కొత్త గాటు పెట్టాలి. అలా పెడితే రెండేళ్లలో చెట్టు చస్తుంది. ఇన్నాళ్లూ బంక గురించి ఇంత తెలియదు నాకు. రెండు కాగితాలైంది. చదివి వినిపించాను.

"ఇరవై ఇండ్లు కాదు. పందొమ్మిది. ఒకామె సచ్చిపోయింది."

దిద్దాను. అప్పుడు నా సంచిలోంచి పేపరు ఏజెన్సీ స్టాంపు ప్యాడ్ లాక్కుని, రెండో కాగితం అడుగున వేలిముద్ర వేసింది.

"ఇది దరఖాస్తు కాదమ్మా, వార్త."

"ఏదో ఒకటి. కాయితం మీద ఏలు లేకపోతే ఎవడు నమ్ముతడు?"

కొంగు ముడి విప్పి చిన్న ఫొటో కూడా ఇచ్చింది. డిపో కార్డు కోసం తీయించినప్పుడు మిగిలిన ఒక్కటే.

మార్చి 15, మంగళవారం

పంపినవి ఒకటి. బంక వార్త. పేపరుకి వేలిముద్రలెందుకని, శుభ్రంగా నకలు తీసి పంపాను. సాయంత్రం బస్సు కండక్టరు, "ఏం సారూ, ఇయ్యాల కవరు లావుగుంది" అన్నాడు. ఎర్రమ్మ వేలు ఉన్న కాగితం, ఫొటో ఈ పుస్తకంలోనే పెట్టుకున్నాను.

మార్చి 17

రాలేదు.

మార్చి 19

రాలేదు. మళ్లీ రాసి పంపాను, పొట్టి చేసి. పద్నాలుగు లైన్లు.

మార్చి 22, మంగళవారం

ఖమ్మంలో విలేకర్ల సమావేశం. మండలాల నుంచి నలభై మందిమి. మూర్తి గారు బల్లకి ఆనుకుని నిలబడి, "బంక, బోరింగు, బస్‌స్టాండు... ఈ మూడూ మానండయ్యా! దేశం తలకిందులవుతోంది. ఢిల్లీలో దీని మీదే కొట్టుకుంటున్నారు. నాకు పల్లె కావాలి, పల్లెలో గాట్ కావాలి."

అందరూ నా వైపు చూసి నవ్వారు. బంక నాదే కదా.

టీ దగ్గర పిలిచి మెల్లగా అడిగాడు. ఆయన చెడ్డవాడు కాదు. "మీ బంక ఎక్కడికి పోతుంది?"

"విదేశాలకండీ. మందుల్లోకి, ఐస్‌క్రీముల్లోకి అంటారు."

"మరి అదే కదయ్యా గాట్!"

అదేనా? నాకు తెలియదు. ఆయనకీ తెలుసా అని అనుమానం. బస్సులో కూడా అదే ఆలోచన.

మార్చి 28, సోమవారం

సంత. ఎర్రమ్మ దూరం నుంచే చెయ్యి తిప్పి అడిగింది, ఏమైందని. నేను కూడా చెయ్యి తిప్పాను.

నల్లది ఎవరూ డిపోకి తేవడం లేదు. గూడెంలో కుండల్లో పోస్తున్నారట. వానకి ముందు అమ్ముడుపోవాలి. గాలిలో తేమ తగిలితే ఉబ్బి కారిపోతుంది.

ఏప్రిల్ 3, ఆదివారం

ఒక్క వాక్యం పెట్టాను.

"గాట్ ఒప్పందం నేపథ్యంలో విదేశీ కొనుగోలుదారులు తెల్లబంకనే కోరుతుండటంతో..."

డిపో గుమాస్తా గాట్ అనలేదు. ఎర్రమ్మ అనలేదు. నేపథ్యంలో. ఎంత మంచి మాట. ఏ రెండింటినైనా పక్కపక్కన నిలబెడుతుంది, చుట్టరికం ఏమిటని ఎవరూ అడగరు. ఈ మాట ఈ పేపర్లోనే నేర్చుకున్నాను.

మొదటి కాగితం కొత్తగా రాశాను. రెండో కాగితం మళ్లీ రాయలేదు. ఎర్రమ్మ వేలిముద్ర ఉన్నదే తీసి దాని కింద గుండుసూది గుచ్చాను. ఫొటో కూడా. బరువుంటుందని.

వార్త వస్తే డిపో కదులుతుంది. అందుకే కదా.

ఏప్రిల్ 5, మంగళవారం

వచ్చింది. మొదటి పేజీ! అడుగున, మూడు కాలాలు, చుట్టూ గీత. ఎర్రమ్మ ఫొటో.

బస్‌స్టాండులోనే స్కేలు పెట్టి కొలిచాను. పదకొండేళ్లలో నాది ఇంత పొడుగు ఎప్పుడూ రాలేదు. ఈ పుస్తకంలోనైనా నిజం రాయాలి. సంతోషపడ్డాను. సైకిలు మీద పోతూ ఈల వేశాను.

పేపర్లన్నీ వేసి వచ్చాక చదివాను, మెల్లగా.

"మా అడవిలో అడుగు పెట్టనివ్వం." అది శీర్షిక. కింద: "గాట్‌పై సంతకం పెడితే ఎవరినీ అడవిలో అడుగు పెట్టనివ్వబోమని గిరిజన మహిళ సోడె ఎర్రమ్మ హెచ్చరించారు."

పందొమ్మిది ఇళ్లు వందలాది కుటుంబాలయ్యాయి. చెట్టు చస్తుందన్నది లేదు. నల్లబంక అన్న మాట కోసం మూడు కాలాలూ వేలు పెట్టి వెతికాను.

లేదు.

ఏప్రిల్ 6, బుధవారం

వెంకట్రావు గారు మోటారు సైకిలు మీద మా ఇంటికే వచ్చారు. "ఏవన్నదండీ ఆవిడ! మేం ఇంతమంది చదువుకున్నవాళ్లం అరుస్తున్నాం గానీ, అడవిలో ఆడది ఒక్క ముక్కలో తేల్చేసింది." సుగుణ మజ్జిగ ఇచ్చింది. తాగి, గ్లాసు పెట్టి, "ఇంతకీ ఈ బంక దేనికండీ?"

ఏప్రిల్ 9, శనివారం

వెంకట్రావు గారికి ఇంగ్లీషు పేపరు ఒకరోజు ఆలస్యంగా వస్తుంది. కబురు పెట్టి పిలిపించి చదివి చెప్పారు, మొహం ఎర్రగా చేసుకుని. సంపాదకీయంలో మన ఎర్రమ్మ. పేరు లేదు, "ఒక బంక సేకరించే స్త్రీ" అని ఉందట. ఆమె బతికేదే ఎగుమతి మీద, తలుపులు తెరిస్తే అందరికన్నా ముందు బాగుపడేది ఆమే అని. పాపం, ఎవరో ఆమె నోట్లో మాటలు పెట్టారని.

"చూశారా ఎంత అన్యాయమో!" అన్నారాయన.

చివరి ముక్క నిజం కదా. నోట్లో మాటలు పెట్టినవాణ్ని వాళ్లు పట్టేశారు, ఢిల్లీలో కూర్చునే. పట్టేసి, ఖాళీ అయిన ఆ నోట్లో తమవి పెట్టారు.

ఇటు ఒకళ్లు, అటు ఒకళ్లు. డిపో దాకా మాత్రం ఎవరూ రాలేదు.

ఏప్రిల్ 10, ఆదివారం

గూడేనికి పోలీసు జీపు వెళ్లింది. ఎర్రమ్మ భర్త భీమయ్యని స్టేషన్‌కి తీసుకొచ్చారు. "అడుగు పెట్టనివ్వం అనేంత మాట మీకెట్ల వచ్చింది? లోపలోళ్లలో ఎవడు నేర్పిండు?" అని అడిగారట.

ఈ అడవిలో ఆ మాటకి ఒకటే అర్థం, నక్సలైట్ల మాట అని. అది మూర్తి గారికి తెలియకపోవచ్చు. ఖమ్మంలో కూర్చుంటే అది మంచి శీర్షిక. నాకు తెలుసు. కానీ చదివింది పేపర్లన్నీ పంచాక... స్టేషన్‌కి కూడా నేనే వేశాను.

ఏప్రిల్ 11, సోమవారం

భీమయ్యని వదిలారు. ప్రతి ఆదివారం వచ్చి వేలిముద్ర వేసి పోవాలి. డిపోలో ఆ గూడెం కార్డులు పందొమ్మిదీ పక్కన పెట్టారు, పైనుంచి చెప్పేదాకా. ఇప్పుడు తెల్లది కూడా కొనరు.

సంత విడిచాక ఎర్రమ్మ మా వాకిట్లోకి వచ్చింది. కూర్చోలేదు. పేపరు ముక్క ముందు పడేసింది. డిపో వాళ్లు ఇచ్చారట.

"సదువు."

చదివాను. ఒక్క అక్షరం వదలకుండా.

"హెచ్చరించారు అంటే ఏంది?"

"గట్టిగ చెప్పిండ్రు అని."

"ఎవరు?"

"నువ్వు."

ఆ ముక్క చేతిలోకి తీసుకుంది. "నేను జెప్పింది ఒక్కటే గద పేపరాయనా. నల్లబంక కొనమని. అది యాడుంది ఇండ్ల?"

"లేదు."

"మరి నా ఏలు?"

సుగుణ చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగలేదు.

"ఆ ఏలు నాది. దాని మీద మాట ఎవనిది?"

పోతూ పోతూ ఫొటో తిరిగి ఇవ్వమంది. డెస్క్‌లో ఉందన్నాను.

ఏప్రిల్ 12

పంపినవి లేవు.

ఏప్రిల్ 16, శనివారం

పేపరు నిండా గాట్ సంతకాల వార్త. ఎక్కడో విదేశంలో, పెద్ద బల్ల, మన దేశం తరఫున కూడా పెట్టేశారు. దుర్దినం అని ఒక పేపరు, చరిత్రాత్మకం అని ఒక పేపరు. రెండూ నా సైకిలు మీదే.

ఏప్రిల్ 17, ఆదివారం

స్టేషన్‌లో పేపరు వేసేసరికి భీమయ్య అరుగు మీద ఉన్నాడు. తొమ్మిది మైళ్లు నడిచి వచ్చాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఎస్సైని అడిగాను. చదువుకున్నవాడు, మర్యాదగానే మాట్లాడాడు. "ఆమె అనలేదని నువ్వంటే నేనేం జెయ్యాలె? పేపర్ల వచ్చింది. పైవాళ్లు పేపరు చదివిండ్రు. తప్పయితే పేపర్లనే తప్పని రావాలె. ఒక్క ముక్క తీస్కరా, ఫైల్ల పెట్టి వదిలేస్త."

ఏప్రిల్ 20, బుధవారం

ఖమ్మం. మూర్తి గారు కుర్చీ చూపించారు.

సవరణ వేయమన్నాను. నాలుగు లైన్లు చాలు, లోపలి పేజీలోనైనా సరే. విని, బల్ల సొరుగు లాగి నేను పంపిన కాగితాలు తీశారు. గుండుసూది కూడా అలాగే ఉంది.

"ఇది ఎవరి చేతిరాత?"

"నాదే."

"గాట్ అని ముందు రాసిందెవరు? నేనా?"

"నేనే."

"కింద వేలిముద్ర ఎవరిది?"

ముద్ర మీద వేలు పెట్టి చూపించారు.

"చదువురాని మనిషి వేలిముద్ర వేసి మరీ ఇచ్చిన స్టేట్‌మెంటయ్యా ఇది! రేపు ఎవడన్నా కోర్టుకెళ్లినా నాకు భయం లేదు. ఇంత గట్టి కాగితం మీ నలభై మందిలో ఎవడూ పంపలేదు."

"అడుగు పెట్టనివ్వం అని ఆమె అనలేదండీ. నేనూ రాయలేదు."

"ఆ మాత్రం లేకపోతే శీర్షిక ఏం పెడతాం? పైనుంచి ఫోను... జిల్లాకొక మొహం కావాలి. కరువు జిల్లా నుంచి ఒకటి, మన అడవి నుంచి ఒకటి." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సవరణ వేస్తే ఇంగ్లీషు పేపరువాడు పండగ చేసుకుంటాడు. ఒక్క ఆడమనిషి కోసం ఇంత చర్చనీ నీళ్లలో పోసుకుంటామా?"

ఫొటో అడిగాను. హైదరాబాద్ పంపారట. అక్కడి నుంచి తిరిగి రాదట.

ఏప్రిల్ 24, ఆదివారం

భీమయ్య వచ్చి వెళ్లాడు.

ఏప్రిల్ 28, గురువారం

పంపినవి ఒకటి. సవరణ. వచ్చింది లేదు. ఇది మూడోసారి.

ఇన్నాళ్ల నా వార్తల రిజిస్టరు తిరగేశాను. పంపినవి ఒక గీత, వచ్చినవి ఒక గీత. రెండు గీతల మధ్య ఖాళీ చూస్తే ఒక మండలం మొత్తం పడుతుంది. దేశమంతా వాదిస్తోంది అని రోజూ చదువుతాను. దేశం అంటే వచ్చినవి మాత్రమే కాబోలు.

మే 7, శనివారం

మొదటి పేజీలో గాట్ లేదు. లోపల కూడా లేదు. ఎండలు, వడదెబ్బలు. "వడదెబ్బ మృతుల వివరాలు వెంటనే పంపండి, ఫొటోలతో." మూర్తి గారి చీటీ.

వెంకట్రావు గారిని ఎర్రమ్మ విషయంలో ఒకసారి డిపో దాకా రమ్మని అడిగాను. "అవునవును, రావాలండీ... మామిడి కోతలు అయిపోనివ్వండి." కొత్త పత్తి విత్తనం వచ్చిందట, అది చూపించారు.

మే 12, గురువారం

గూడేనికి వెళ్లాను. వాగులో నీళ్లు లేవు, సైకిలు మోసుకునే పని తప్పింది. కుక్కలు కూడా మొరగలేదు.

ఎర్రమ్మ తన చెట్ల దగ్గర ఉంది. కొనేవాడు లేడు, అయినా తీస్తోంది. "గాటు పెట్టినంక తియ్యకపోతే పురుగు వడ్తది" అంది, నా వైపు చూడకుండా. చేతిలో చిన్న గొడ్డలి. కొత్త గాటు పెట్టలేదు. పాత గాటు అంచునే గోకి, కారింది వలుచుకుంటోంది.

ఇంటి లోపల పదహారు కుండలు. తెల్లవి ముందు, నల్లవి వెనక. ఏ కుండ ఏ చెట్టుదో చెప్పింది. నల్లబంక ముద్ద ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. ఇంత రాశాను, పట్టుకుని చూడటం ఇదే మొదటిసారి.

"పేపర్ల ఏస్తరా తప్పని?"

"వెయ్యరు."

"మరి ఎవరు జెప్పాలె?"

భీమయ్య పక్కనుంచి, "ఊకో" అన్నాడు. ఆమె ఊరుకోలేదు. ఎవరు జెప్పాలె, ఎవరు జెప్పాలె అని గొడ్డలి కడుగుతూ నాలుగుసార్లు అంది. నన్ను తిట్టలేదు. తిడితే తిరిగి వచ్చే దారి తొందరగా అయ్యేది.

మే 15, ఆదివారం

భీమయ్య వచ్చి వెళ్లాడు. గూడెంలో రెండు ఇళ్లవాళ్లు వీళ్లతో మాటలు మానేశారట. కార్డులు పోయింది ఎర్రమ్మ వల్ల అని.

మే 19, గురువారం

కార్బన్ తీసి చూశాను. "గాట్ ఒప్పందం నేపథ్యంలో..." నీలం అక్షరాలు, గుండ్రంగా, అందంగా. ఎంతో జాగ్రత్తగా రాశాను.

మే 22, ఆదివారం

రాశాను. ఎస్సై పేరున.

"గాట్ అన్న మాట సోడె ఎర్రమ్మది కాదు. అది నాది. అడుగు పెట్టనివ్వం అన్న మాట ఎర్రమ్మదీ కాదు, నాదీ కాదు. ఆమె వేలిముద్ర వేసిన కాగితం వేరు, దాని ముందు గుచ్చిన కాగితం వేరు. ఆ గుండుసూది గుచ్చింది నేను. ఆమె చెప్పింది నల్లబంక కొనమని మాత్రమే."

సుగుణకి చదివి వినిపించాను. ఆమెకి అలా చదివి వినిపించడం కూడా ఇదే మొదలు.

"ఇది ఇస్తే పేపరు పోతది."

"పోతది."

"నిన్ను గూడ స్టేషన్ల కూసోబెడ్తరేమో."

"కూసోబెట్టొచ్చు."

బియ్యంలోంచి రెండు రాళ్లు ఏరి పారేసింది. "ఇయ్యి. ఇంకోపాలి చదువు, యాడన్న నేపథ్యం గీపథ్యం పెట్టినవేమో."

పెట్టలేదు. కానీ ఇవాళ ఇవ్వలేదు. ఎస్సై లేడన్నారు. ఉన్నాడేమో, నేను లోపలికి తొంగి చూడలేదు.

మే 24

జేబులోనే ఉంది.

మే 27, శుక్రవారం

పొద్దున్నే వాన. గాలివాన, పెద్ద చినుకులు. కట్ట మీద నా చొక్కా కప్పి తెచ్చాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, కుండలు.

గూడెం నుంచి వచ్చిన కట్టెలామె చెప్పింది. వెనక వరస కుండలు తడిశాయట. ఉబ్బి, మూతలు లేపి, బయటికి వచ్చిందట బంక. ఎర్రమ్మ తెల్లవి మంచం మీద పెట్టి, తను బయట కూర్చుందట.

ముందు వరస ఇంకా ఉంది. మృగశిర వానలకి పన్నెండు రోజులు.

మే 29, ఆదివారం

స్టేషన్‌కి రెండుసార్లు వెళ్లాను. పొద్దున పేపరు వేయడానికి. పది గంటలకి కాగితం ఇవ్వడానికి.

భీమయ్య అప్పటికే ఉన్నాడు. వేలు వేసి, సిరా తుడుచుకోవడానికి అరుగు చివర గోడ దగ్గరికి పోయాడు. గోడ మీద ముందే ఆరు మరకలు, ఒక దాని పక్కన ఒకటి. ఏడోది కూడా వరసలోనే తుడిచాడు.

ఎస్సై ముందు కాగితం పెట్టాను. మొదటి రెండు లైన్లు చూసి తలెత్తాడు.

"దీని కింద నీ సంతకం ఉంది."

"ఉంది సార్."

"ఇది ఫైల్ల పెడితే నువ్వు గూడ రావాల్సి వస్తదేమో. ఆలోచించుకున్నవా?"

"రోజూ వస్తూనే ఉన్నాను సార్. పేపరు వెయ్యడానికి."

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "కార్డుల సంగతి డిపోవాళ్లది, నాది కాదు. ఇది పైకి పంపాలె. పైవాళ్లు ఏమంటరో..." మిగతాది చదవలేదు. బల్ల మీద ఫ్యాను గాలికి కాగితం లేచిపోతుంటే, దాని మీద ఇవాళ్టి పేపరు పెట్టాడు. పొద్దున నేను వేసిందే.

బయట భీమయ్య నా కోసం ఆగి ఉన్నాడు. ఏమైందని అడగలేదు. ఇద్దరం పడమటి వైపు చూశాం. మబ్బు పట్టి ఉంది.

ఇచ్చింది ఒకటి. వచ్చింది —